పట్టు విడిచే చెయ్యి

మా వస్తాదుగారు పోయారు.

కబురు పడవలో వచ్చింది. నేను కాలువ లాకుల దగ్గర గుమాస్తాను. మొన్న పొద్దున్న రామచంద్రపురం వైపు నుంచి వచ్చిన ధాన్యం పడవ సరంగు, లాకు తలుపులు తెరిచేదాకా పడవలో కూర్చోకుండా గట్టు మీదికి దూకి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"తమరికి తెలిసిందో లేదోనండి. వస్తాదుగారు పోయారండి. నిద్రలోనే వెళ్లిపోయారంట. ఏ బాధా పడలేదంటండి," అన్నాడు.

నన్ను ఓదార్చాలనుకున్నాడు కాబోలు, "ఎంత మనిషండీ బాబూ! పులితో కుస్తీ పట్టిన మనిషి కదండీ," అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. దుఃఖం రావలసిన చోట కోపం రావడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. "ఏ పులి? ఎక్కడి పులి? నువ్వు చూశావా?" అని కసిరాను. పాపం, అతను తలపాగా చుట్టుకుని పడవలోకి వెళ్లిపోయాడు. ఆ పడవ దాటాక లాకుల గది తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చాను.

మనిషి పోయి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే కథలు అల్లేశారు. పులి ఒకటి. గుప్పిటతో కొబ్బరికాయలు పగలగొట్టడం ఒకటి. ఏదో జమీందారు దర్బారులో ఉత్తరాది పహిల్వానుని ఒంటిచేత్తో ఎత్తి పందిరి మీదికి విసిరేయడం ఇంకొకటి. ఆయన దగ్గర ఏళ్ల తరబడి మట్టి పూసుకున్నవాడిగా మీకు చెబుతున్నాను, ఇవేవీ జరగలేదు. పులిని ఆయన ఎన్నడూ చూడలేదు. జలగను చూస్తే మాత్రం గట్టెక్కి పరుగు తీసేవారు. చుట్టూ కాలువలూ బోదెలూ ఉన్న సీమలో పుట్టి కూడా ఆయనకి ఈత రాదు. నీళ్లంటే వల్లమాలిన భయం. కాలువ మీద వేసిన తాటిదుంగ దాటాలంటే ముందు నడిచేవాడి భుజం పట్టుకుని, కళ్లు సగం మూసుకుని, రామ రామ అనుకుంటూ దాటేవారు. ఆ కొండలాంటి మనిషికి ఇదేం భయమని మేం వెనక నవ్వుకునేవాళ్లం. మేం నవ్వుతున్నామని ఆయనకి తెలుసు. ఏమీ అనుకునేవారు కాదు.

పులి కథ చెప్పుకునేవాళ్లు చెప్పుకోనివ్వండి. నాకు తెలిసిన మనిషి వేరు. ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మా ఊరు ద్రాక్షారామానికీ గోదావరి పాయకీ మధ్యన ఉంటుంది. వస్తాదుగారు కుస్తీ నేర్పే తాలింఖానా ఊరి చివర ఒక తాటాకు పాక. లోపల నడుమ తవ్విన గోదా, తూర్పు గోడకి ఆంజనేయస్వామి పటం, మూలన కర్రగదలు, మజ్జిగ కుండ. అంతే. మా నేల నల్లది. తడిస్తే జిగురు, ఎండితే రాయి. దాని మీద కుస్తీ పడితే ఒళ్లు దోక్కుపోవడం తప్ప ఇంకేం లేదు. అందుకని ఆయన రాజమండ్రి మెట్ట నుంచి పడవ మీద ఎర్రమట్టి తెప్పించి, మెత్తగా జల్లించి, నువ్వుల నూనే, పసుపూ, ఎండిన వేపాకు పొడీ కలిపి గోదా నింపేవారు. రోజూ తెల్లవారకముందే లేచి ఆ మట్టిని ఆయనే పారతో తిరగేసేవారు. శిష్యులెవరైనా పార అందుకోబోతే, "దీంట్లో రాయి ఉంటే గుచ్చుకునేది మీకు. వెతకాల్సింది నేను," అనేవారు.

ఆ గోదాకి ఒక పద్ధతి ఉండేది. అది ఎక్కడా రాసి లేదు. ఎవరినీ కూర్చోబెట్టి చెప్పేవారు కాదు. తప్పు చేసినప్పుడే తెలిసేది. నేను చేరిన రోజు దండం పెట్టి, మట్టి కళ్లకద్దుకుని, గోచీ బిగించి గోదాలోకి దిగబోతుంటే ఆయన నా రెండు చేతులూ పట్టుకుని తిరగేసి చూశారు. అప్పట్లో నేను జాలరిని. చేపల పొలుసు గీరడానికి బాగుంటాయని గోళ్లు పెంచుకున్నాను.

"తమ్ముడూ, ఇవి చేపలకి సరిపోతాయి. మనుషులకి వద్దు. తీసుకుని రేపు రా," అన్నారు.

అంతమంది ముందు వెనక్కి పంపారని ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు వెళ్లేసరికి చూద్దును కదా, తలనెరిసిన ఒక పెద్దమనిషి, ఊళ్లో అందరూ లేచి నిలబడే మనిషి, వస్తాదుగారి ముందు రెండు చేతులూ చాపి గోళ్లు చూపిస్తున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

గోదాలో అందరూ అన్నదమ్ములే. అయితే ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అన్నది వయసును బట్టి కాదు. "మట్టి ఎవరికి ముందు అంటితే వాడు అన్న," అనేవారు ఆయన. నేను చేరిన కొన్నాళ్లకి మా కామందుగారి రెండో అబ్బాయి చేరాడు. ఊళ్లో సగం పొలం వాళ్లదే, తాలింఖానా పాక ఉన్న స్థలం కూడా వాళ్లదే. బయట ఆయన చినబాబుగారు. గట్టు మీద ఎదురుపడితే నేను కండువా నడుముకి చుట్టుకుని పక్కకి తప్పుకోవాలి. గోదాలోకి దిగితే మాత్రం వాడు నన్ను అన్నా అని పిలవాలి. మొదటిరోజు ఆ మాట వాడి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. వస్తాదుగారు తొందరపెట్టలేదు. అన్న అనేదాకా జోడీ కలపలేదు, అంతే. పొద్దెక్కేదాకా ఒక్కడూ బస్కీలు తీసి తీసి, చివరికి వచ్చి, "అన్నా, పడదామా?" అన్నాడు.

చిన్న చిన్న సంగతులు ఎన్నో. రెండు జోడీలు కుస్తీ పడుతూ పడుతూ ఒకదాని మీదికొకటి వచ్చేస్తే బరువైన జోడీ ఆగి జరగాలి. చిన్నవాళ్లు ఆగనక్కర్లేదు. ఇద్దరు పడుతుండగా గట్టు మీద కూర్చున్నవాడు 'కాలు పట్టు, మెడ వంచు' అని సలహాలు చెప్పకూడదు. చెబితే ఆయన మజ్జిగ లోటా తెచ్చి అతని నోటికి అందించేవారు. తాగుతున్నంతసేపూ మాట్లాడలేడు కదా. పైచెయ్యి అయినవాడు కిందివాణ్ణి లేపి వాడి వీపు మీద మట్టి దులపాలి. ఎవరు పడ్డారో, ఎవరు పడగొట్టారో పాక దాటి బయటికి పోకూడదు. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. నా భార్య రోజూ అడిగేది, "ఇవాళ ఎవరు గెలిచారేంటి?" అని. "మట్టి," అనేవాణ్ణి. "ఈ మట్టికి ఏం తినిపిస్తున్నారో గానీ రోజూ అదే గెలుస్తుంది," అని మూతి ముడుచుకునేది.

అన్నిటికన్నా పెద్ద పద్ధతి ఒకటుంది. పట్టు బిగిసిపోయి ఇక ఓర్చుకోలేనప్పుడు కిందివాడు అరచేత్తో నేల మీద తడతాడు. తట్టగానే పైవాడు వదిలేయాలి. తట్టినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు. కొత్త పట్టు నేర్పేటప్పుడు వస్తాదుగారు ముందు తానే కింద పడుకునేవారు. నిన్నగాక మొన్న చేరినవాడి చేత పట్టు వేయించుకుని, అందరూ చూస్తుండగా నేల మీద తట్టేవారు. అంత పేరున్న మనిషి అలా తడుతుంటే మాకు తట్టడం చిన్నతనంగా ఎప్పుడూ అనిపించలేదు.

మరి పొరపాటున దెబ్బ తగిలితే? దానికీ ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి వల్ల దెబ్బ తగిలిందో వాడు, ఆ దెబ్బ మానేదాకా తగిలినవాడి పని చేసిపెట్టాలి. నేను చేరకముందు ఒక వడ్రంగి వల్ల కుమ్మరి మణికట్టు బెణికిందట. వడ్రంగి చాలా రోజులు సారె తిప్పాడు. వాడు చేసిన కుండల్లో ఒక్కటీ నిలకడగా నిలబడేది కాదు. ఊరంతా నవ్వుకుంటూనే అవే కొనుక్కున్నారు. మా మజ్జిగ కుండ ఆ కుండల్లోదే. కింద ఇటుకముక్క పెడితే గానీ ఒరిగిపోయేది. వడ్రంగీ కుమ్మరీ ఆ తర్వాత వియ్యంకులయ్యారు.

ఇక నా సంగతి చెబుతాను. వస్తాదుగారు ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

ఆ ఏడు శివరాత్రి మర్నాడు ఊరివాళ్లందరూ చూసేలా మా కుస్తీలు పెట్టారు. పాక చుట్టూ దడి తీసేశారు. డప్పులు పెట్టించారు. కామందుగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నాకూ చినబాబుకీ జోడీ కలిసింది. చాలాసేపు పడ్డాం. నా కుడిచెయ్యి వెనక్కి మెలిపెట్టి మీదకెక్కాడు. మంచి పట్టు. ఇక లాభం లేదని ఎడమ అరచేత్తో నేల మీద తట్టాను. వదల్లేదు. మళ్లీ తట్టాను. డప్పులు ఊపందుకున్నాయి, జనం ఈలలు వేస్తున్నారు. మూడోసారి చెయ్యి లేపేలోగా నా జబ్బ కీలులో ఏదో జారింది.

వాడు లేచి నిలబడ్డాడు. జనం కేరింతలు కొట్టారు. నేను లేవకపోయేసరికి నెమ్మదిగా సద్దుమణిగారు. వాడి మొహం తెల్లబోయింది. "డప్పుల్లో వినపడలేదండీ," అన్నాడు వస్తాదుగారితో.

ఆయన వాడి మొహంలోకి ఒకసారి చూశారు. వంగి నన్ను రెండు చేతులా ఎత్తుకుని మా జాలరిపేట దాకా మోసుకొచ్చారు.

ఎముకలు కట్టే ఆయన వచ్చి కీలు సర్ది, మినప్పిండీ గుడ్డుసొనా పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. "తొలకరి దాకా వల ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా చెయ్యి పూర్తిగా లేస్తుందో లేదో దేవుడికే తెలియాలి," అని వెళ్లిపోయాడు. మా నాన్నకి అప్పటికే కళ్లు మసకలు. వల వేసేది నేనొక్కణ్ణే. నేను పట్టిన చేపలు మా అమ్మ గంపలో ద్రాక్షారామం తీసుకెళ్లి అమ్మితేనే ఇంట్లో పొయ్యి రాజుకునేది. ఆ రాత్రి నా భార్య నా పక్కన కట్టు వంకే చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి లేవకపోతే మా నలుగురి బతుకూ ఏమిటని తెల్లవార్లూ ఆలోచించాను.

మర్నాడు వస్తాదుగారు కామందుగారింటికి వెళ్లారు. వడ్రంగి వెంట వెళ్లాడు. అక్కడ జరిగింది అతను చెబితే విన్నాను.

"మా పద్ధతి తమరికి తెలుసండి. అబ్బాయిని రేపటి నుంచి రేవుకి పంపించండి," అన్నారట ఈయన.

"మా వాడు పడవెక్కి వల వేస్తాడా? నీకేమైనా మతిపోయిందా వస్తాదూ? ఆ ఇంటికి బియ్యం పంపిస్తాను. చెయ్యి బాగయ్యేదాకా పంపిస్తాను."

"బియ్యం వాళ్లు తీసుకుంటే తమరి దయండి. కానీ చెయ్యి మెలిపెట్టింది బియ్యం కాదు కదండీ."

"ఇద్దరు పాలేళ్లని పంపుతాను."

"వాళ్లు మా దగ్గర కుస్తీ నేర్చుకోలేదండి."

కామందుగారు లేచి నిలబడ్డారట. "నీ పాక ఎవరి స్థలంలో ఉందో గుర్తుందా?"

"గుర్తుందండి. స్థలం తమరిదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చండి," అని నమస్కారం పెట్టి వచ్చేశారట.

ఆ తర్వాతి తెల్లవారుజామున మా గుడిసె ముందు దగ్గు వినపడింది. మా నాన్న తలుపు తీశాడు. వస్తాదుగారు నిలబడి ఉన్నారు. పంచె ఎగగట్టి ఉంది. జలగలు పట్టకుండా కాబోలు, కాళ్లకి పొగాకు కషాయం పూసుకుని వచ్చారు. ఆ వాసన గుడిసెంతా కమ్మేసింది.

"మా వాడు రాలేదు. వాడికి నేర్పింది నేను కాబట్టి నేను వచ్చాను. ఏం చెయ్యాలో చెప్పన్నా," అన్నారు మా నాన్నతో.

మా నాన్న హడలిపోయాడు. "అమ్మో, అంత మాట అనకండి బాబూ! నన్ను అన్నా అంటారేంటండీ తమరు?"

"నీళ్లు నీకు ముందు అంటుకున్నాయి. నువ్వే అన్నవి," అన్నారు ఆయన. ఆ మాట నవ్వులాటకి అనలేదు. ఆ రోజు మొదలు ఆ పని ఉన్నన్నాళ్లూ మా నాన్నని అలాగే పిలిచారు. రేవులో ఎంతమంది విన్నా సరే.

దోనె ఎక్కేటప్పుడు ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. రామ రామ అనుకుంటున్నారని నాకు తెలుసు. నేను గట్టు మీద కట్టుతో కూర్చున్నాను. మా నాన్న మసక కళ్లతో దోనె పట్టుకుని కూర్చుని, చెవితోనే అన్నీ తెలుసుకునేవాడు. వస్తాదుగారు నడుం లోతు నీళ్లలో దిగి, వణుకుతూ, విసురువల విసిరారు. వల గుండ్రంగా విచ్చుకోవాలి. అది చుట్టచుట్టుకుని ఆయన మీదే పడింది. ఆయన తూలి నీళ్లలో పడ్డారు.

"వస్తాదుగారూ, అది వల పడ్డ చప్పుడు కాదండి. తమరు పడ్డ చప్పుడండి," అన్నాడు మా నాన్న.

లేచి, నీళ్లు కక్కి, ఆయన పగలబడి నవ్వారు. దెబ్బ తగిలాక మొదటిసారి నేనూ నవ్వాను. నవ్వితే జబ్బ నొప్పెట్టింది. అయినా నవ్వాను.

చెప్పొద్దూ, ఆయన పట్టిన చేపలతో పిల్లి కూడా కడుపు నింపుకోలేదు. రోజుకి గుప్పెడు చిన్న పరిగె చేపలు పడితే గొప్ప. కానీ ఆయన్ని చూసి రేవులో మిగతా జాలర్లు ఊరుకోలేకపోయారు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ రెండేసి చేపలు మా దోనెలో పడేసి పోయేవారు. ఊళ్లో జనం మాత్రం తెల్లారేసరికి గట్టు మీద చేరేవారు, వినోదం చూడ్డానికి. "పులిలాంటి వస్తాదు పరిగె పిల్లని పట్టలేకపోయాడ్రోయ్," అని కేకలు వేసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. లేచి రాయి అందుకున్నాను ఒకసారి. "కూర్చో తమ్ముడూ. గట్టు మీద కూర్చున్నవాళ్లు అలాగే మాట్లాడతారు. మజ్జిగ ఇవ్వడానికి ఇక్కడ కుండ లేదు," అన్నారు ఆయన.

ఆ జనం వెనక ఒకరోజు చినబాబు కనిపించాడు. మర్నాడూ వచ్చాడు. అందరికీ దూరంగా, కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి చూసేవాడు. వస్తాదుగారికి అప్పటికి జలుబు పట్టి గొంతు పూడుకుపోయింది. దగ్గుతూనే వల విసిరేవారు. వారం గడిచిందో, ఇంకా ఎక్కువే గడిచిందో గుర్తులేదు. ఒకనాడు వాడు కిర్రుచెప్పులు విడిచి, జరీ కండువా వాటి మీద మడిచి పెట్టి, గట్టు దిగి నీళ్లలోకి నడిచి వచ్చాడు. వస్తాదుగారి చేతిలోని వల తాడు పట్టుకున్నాడు. గట్టు మీద అందరూ ఒక్కసారిగా గప్‌చిప్ అయిపోయారు.

ఆయన వాడి చేతులు తిప్పి చూసి, "గోళ్లు తీసుకున్నావు. మంచిపని చేశావు. వలకి తగులుకుంటాయి," అన్నారు. అని, తాడు వదిలేసి, గట్టెక్కి నా పక్కన కూలబడ్డారు. ఒళ్లు కాలిపోతోంది జ్వరంతో.

చినబాబు తొలకరి దాకా వచ్చాడు. వాడికి వల త్వరగానే పట్టుబడింది. ఇంటి దగ్గర ఏం తిట్లు తిన్నాడో ఎవరికీ చెప్పలేదు. కామందుగారు కొడుకుని ఆపలేక పాక మీద కోపం తీర్చుకున్నారు. స్థలం ఖాళీ చేయమన్నారు. వస్తాదుగారు వాదించలేదు. "స్థలం ఆయనది. మట్టి మనది," అన్నారు. ఊళ్లో గోదాలోకి దిగినవాళ్లంతా గంపలు పట్టుకొచ్చి ఆ ఎర్రమట్టి తవ్వి, కాలువగట్టు వెంట మోసుకొచ్చి మా జాలరిపేటలో పోశారు. ఆడవాళ్లు కూడా మోశారు. చినబాబు మా నాన్న గంప తన నెత్తిన పెట్టుకున్నాడు. కొత్త పాక లేచింది.

కట్టులో ఉన్నన్నాళ్లూ నాకు తోచేది కాదు. పంతులుగారి వీధిబడి అరుగు మీద కూర్చుని పిల్లలతో పాటు ఎడమచేత్తో అక్షరాలు దిద్దాను. ఇప్పటికీ ఎడమచేత్తోనే రాస్తాను. నా ఉద్యోగం ఆ అక్షరాలు పెట్టిన భిక్షే.

కట్టు విప్పారు. చెయ్యి కొంచెం కొంచెంగా లేచింది. ఒకరోజు తలపైకి లేచింది. మా అమ్మ భీమేశ్వరస్వామికి మొక్కు తీర్చుకుని వచ్చింది. అందరూ అయిపోయిందనుకున్నారు. నాకు కాలేదు. వాడు మా కోసం అంత చాకిరీ చేశాడు, నిజమే. వాడు పట్టిన చేపలే తిన్నాను. కానీ తట్టినప్పుడు వినపడిందా, వినపడలేదా? ఆ ఒక్క ప్రశ్న నన్ను లోపల తొలిచేస్తోంది. దెబ్బ మానినవాడు మొదటి కుస్తీ ఆ దెబ్బకి కారణమైనవాడితోనే పట్టాలి, అదీ ఆనవాయితీయే. నేను ఆ రోజు కోసం చూస్తున్నాను. వాడి చెయ్యి నాకు దొరికితే, వాడు తడితే, నాకూ వినపడకూడదని మనసులో అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఆ కుస్తీకి ముందు రోజు సాయంత్రం వస్తాదుగారు నన్నొక్కణ్ణే పిలిచారు. కొత్త గోదాలో బోర్లా పడుకుని, కుడిచెయ్యి వెనక్కి ఇచ్చి, "ఆ పట్టు నా మీద వెయ్యి," అన్నారు.

వేశాను. ఆయన తట్టారు. వదిలాను.

"మళ్లీ వెయ్యి."

వేశాను. తట్టారు. వదిలాను.

"మళ్లీ."

ఈసారి ఆయన తట్టలేదు. నేను ఇంకొంచెం మెలిపెట్టాను. తట్టలేదు. చెంప మట్టికి ఆనించి, ఒక కంటితో నా వైపు చూస్తున్నారు. ఆ ముసలి జబ్బ కీలు నా అరచేతుల కింద బిగుసుకోవడం, ఊపిరి ఆగడం, కండ సన్నగా అదరడం, అన్నీ నాకు తెలుస్తున్నాయి. ఇంకొక్క రవ్వ అయితే జారిపోతుంది.

"ఏంటండీ వస్తాదుగారూ, తట్టండి!" అన్నాను.

తట్టలేదు. నేనే వదిలేశాను.

ఆయన లేచి కూర్చుని జబ్బ రుద్దుకున్నారు. "తట్టడం అనేది లోకం కోసం పెట్టుకున్నది తమ్ముడూ. పట్టినవాడికి అంతకన్నా ముందే తెలుస్తుంది. చేతికే తెలుస్తుంది. చెవులతో పనేముంది?" అన్నారు.

అయితే ఆయనకి ఆ రోజే తెలుసు. డప్పుల మాట వినగానే తెలుసు. తెలిసి కూడా వాణ్ణి ఒక్క మాట అనలేదు. తెలిసే, ఈత రాని మనిషి, గోదావరిలోకి దిగారు. వాడి సంగతి తెలిసినట్టే నా సంగతీ తెలిసిపోయిందని అప్పుడర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన నా వీపు మీద మట్టి దులిపి ఇంటికి పొమ్మన్నారు.

నా జీవితంలో తల్లిదండ్రుల తర్వాత నేను అంతగా గౌరవించిన మనిషి లేడు. బలం ఉన్నవాళ్లని చాలామందిని చూశాను. తన చెయ్యి ఎదుటివాడి కోపానికి అప్పగించి, వాడు ఏం చేస్తాడోనని ఓపిగ్గా చూసిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

మర్నాడు గోదా చుట్టూ జాలరిపేట అంతా చేరింది. డప్పులు లేవు. చినబాబు మట్టి కళ్లకద్దుకుని వచ్చి, "అన్నా, పడదామా?" అన్నాడు. పడ్డాం. నా చేతిలో ఇంకా పూర్తి బలం లేదు. వాడు భయపడుతూ కుస్తీ పడుతున్నాడు, నా కుడి జబ్బ వైపే రావడం లేదు. ఆ భయంలోనే అడుగు తప్పాడు. వాణ్ణి పడగొట్టి మీదకెక్కి, కుడిచెయ్యి వెనక్కి మెలిపెట్టాను. అదే పట్టు. నా వేళ్ల కింద కీలు బిగిసింది. ఊపిరి ఆగింది. కండ అదిరింది.

వాడు తట్టడానికి ఎడమచెయ్యి ఎత్తాడు. అది నేలని తాకకముందే నేను వదిలేశాను.

వదిలేశానని వాడికి వెంటనే అర్థం కాలేదు. మట్టిలో చెంప ఆనించి అలాగే పడి ఉన్నాడు. తట్టడానికి లేచిన అరచెయ్యి, వేళ్లు విప్పుకుని, తట్టాల్సిన పని లేక, గాలిలో అలాగే నిలిచిపోయింది.